స్కానర్ ఒక్కటే చాలదు, కేటలాగు రాసే మనిషిని పంపండి

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను కోనసీమలో ఒక శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్‌ని. పాత పుస్తకాలు స్కాన్ అవుతున్నందుకు నాకు సంతోషమే. వానాకాలం వస్తే ఇక్కడ గోడలు చెమ్మగిల్లుతాయి, అట్టలు బూజు పడతాయి. ఫొటో అయినా మిగలాలి కదా. నా బాధ వేరు.

రెండేళ్ల కిందట మా పాత పత్రికల సంపుటాలు స్కాన్ చేయడానికి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. రోజుకిన్ని పేజీలని లెక్క, పాపం. వెనకున్న ప్రకటనల పేజీలు వదిలేశారు. "అవి కథలు కావు కదండీ" అన్నారు. చందా ఎంతో, పార్సిలు పడవలో ఏ రేవుకి వచ్చేదో ఉన్నది ఆ పేజీల్లోనే! ఇప్పుడు ఆ ఫైళ్లకు పేర్లు కూడా లేవు, ఉత్త అంకెలు. మొన్న కాలవ రేవుల మీద పరిశోధన చేసే అమ్మాయి వచ్చింది. కంప్యూటర్లో ఎంత వెతికినా ఒక్క పేరూ దొరకలేదు. పాత అచ్చులోని బండి ఱను కంప్యూటరు ఇంకో అక్షరంగా చదివింది, అరసున్నను మచ్చ అనుకుంది. చివరికి బీరువా తీసి, మధ్యాహ్నమంతా ఇద్దరం చేత్తోనే తిరగేశాం.

వేల పుస్తకాల్లో ఒక మాట ఎప్పుడు వచ్చింది, ఎలా మారింది అని కంప్యూటరుతో వెతికే చదువును డిజిటల్ హ్యుమానిటీస్ అంటున్నారు. అది మా పనికి దగ్గరి చుట్టమే. 1949లో ఇటలీకి చెందిన ఫాదర్ రాబర్టో బూసా, మధ్యయుగపు క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ రచనల పదసూచిక కోసం ఐబీఎం అనే యంత్రాల కంపెనీ సాయం అడిగారు. మాటకో కార్డు చొప్పున చేశారు. పుస్తకానికో కార్డు ఉండే మా కేటలాగు సొరుగు లాగి చూసినవాళ్లకు ఇదేమీ వింతగా ఉండదు.

రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో తాళపత్రాలున్నాయి. గ్రంథాలయోద్యమాన్ని నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య గారు పుట్టిన కొంకుదురు ఈ గోదావరి గడ్డ మీదే ఉంది. ఇక్కడే ఈ పని సరిగ్గా మొదలు కావాలండీ. స్కాన్ చేసే ప్రతి బృందంలో పాత లిపి తెలిసిన లైబ్రేరియన్ ఒకరు ఉండాలి. రచయిత, ప్రెస్సు, ఏడాది, ఊరు ఫైలుతో పాటే నమోదు కావాలి. పాత వర్ణక్రమం చెరిపేయకుండా, పక్కన ఇప్పటి రూపం కూడా ఇవ్వాలి. మాకూ ఆ శిక్షణ ఇప్పించండి. ఇంటిపన్నుతో జనం కట్టే గ్రంథాలయ పన్ను ఉన్నది ఇలాంటి వాటికే కదా.

ఆ సంపుటాలు ఇంకా మా బీరువాలోనే ఉన్నాయి. వానలు పడేలోపు ఆ ప్రకటనల పేజీలు కూడా స్కాన్ చేయించండి. నేను దగ్గరుండి చూసుకుంటాను.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక లైబ్రేరియన్