కొత్త ‘థండర్‌బర్డ్స్’ అంతా కంప్యూటరే కాదు

సంపాదకులకు,

బ్రిటిష్ పిల్లల సైన్స్ ఫిక్షన్ ధారావాహిక ‘థండర్‌బర్డ్స్’ అరవై ఏళ్ళ సందర్భంగా మీ ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసం బాగుంది. కానీ 2015లో మొదలైన దాని కొత్త రూపం ‘థండర్‌బర్డ్స్ ఆర్ గో’ను పూర్తిగా కంప్యూటర్ మీదే తీశారన్న మాట సరికాదు. పాత్రలు, వాహనాలు కంప్యూటర్‌వే. వాటి వెనక కనిపించే దీవి, గదులు, ప్రయోగ వేదికలు మాత్రం చాలావరకు న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో వెటా వర్క్‌షాప్ నిపుణులు చేత్తో కట్టిన చిన్న నమూనాలు. 2020 దాకా వచ్చిన 78 ఎపిసోడ్లకూ ఇదే పద్ధతి.

ఏది మార్చాలో, ఏది ఉంచాలో వాళ్ళకు తెలుసు. 1965 నాటి 32 ఎపిసోడ్లను లండన్ పక్కన స్లౌలో తీగల బొమ్మలతో తీశారు. ముందే రికార్డు చేసిన మాటలు విద్యుత్ సంకేతాలై సన్నని టంగ్‌స్టన్ తీగల గుండా బొమ్మ తలలోకి చేరి, అక్కడి సొలెనాయిడ్‌ను (కరెంటు అందితే కదిలే తీగచుట్ట పరికరాన్ని) కదిలిస్తే పెదవి ఆడేది. ఆ యంత్రం పట్టాలి కాబట్టి తలలు ఒంటికి మించి పెద్దవయ్యాయి. 1967లో అదే బృందం తర్వాతి బొమ్మల ధారావాహిక ‘కెప్టెన్ స్కార్లెట్’కి యంత్రాన్ని ఛాతీలోకి దింపాక గానీ తల సైజు తగ్గలేదు. అన్నిటికన్నా తంటా నడకతో. బొమ్మ బరువు కాళ్ళ మీద పడదు, పైనుంచి తీగకు వేలాడుతుంది. అందుకే నడిపిస్తే తేలుతున్నట్టు ఉంటుంది. నడిపించే అవసరం తప్పించడానికే కుర్చీలు, ఎగిరే బళ్ళు అన్ని పెట్టారు. కొత్తవాళ్ళు కంప్యూటర్‌కు అప్పగించింది ఈ పనినే, సబబుగానే.

నమూనాల సంగతి వేరు. అవి నిజంగా బరువైనవన్నట్టు చూపించేది లెక్క. పదహారు అడుగుల ఎత్తు నుంచి రాయి పడటానికి ఒక సెకను పడుతుంది, ఒక అడుగు నుంచి పావు సెకను. కాబట్టి పదహారో వంతు నమూనా కూలడాన్ని నాలుగింతల వేగంతో, అంటే సెకనుకు 24 బదులు 96 ఫ్రేములతో తీసి మామూలు వేగంతో చూపాలి. అప్పుడే అది అసలు కట్టడంలా కూలుతుంది. పాత ధారావాహికకు స్పెషల్ ఎఫెక్ట్స్ చూసిన డెరెక్ మెడ్డింగ్స్ బృందం 120 ఫ్రేముల దాకా వెళ్ళింది. ఆ లెక్క ఇరవై అయిదో వంతు నమూనాకు సరిపోతుంది. వేగం అయిదింతలైతే వెలుతురూ అయిదింతలు కావాలి. దగ్గరా దూరమూ రెండూ స్పష్టంగా కనబడాలని లెన్స్ రంధ్రం చిన్నది చేస్తే ఇంకా ఎక్కువ కావాలి.

నీళ్ళ దగ్గర మాత్రం ఈ లెక్క ఓడిపోతుంది. చుక్క సైజు తలతన్యత (నీటి పైపొరను బిగించి ఉంచే గుణం) చేతిలో ఉంటుంది, నమూనా ఎంత చిన్నదైనా చుక్క చిన్నదవదు. కాస్త సబ్బునీరు కలిపితే కొంత నయం, అంతే. దుమ్ముకు ఆ బాధ లేదు. సినిమావాళ్ళు వాడే ఫుల్లర్స్ ఎర్త్ మన బజారులో దొరికే ముల్తానీ మట్టే. పల్చటి గుడ్డలో జల్లెడ పట్టి చల్లితే చాలు.

చేత్తో కట్టిన సెట్‌లో కంప్యూటర్ బొమ్మను నిలబెట్టేటప్పుడు పని చెడేది పాదాల దగ్గర. నేలకు ఆనిన చోట సన్నని నీడ లేకపోతే బొమ్మ మళ్ళీ గాల్లో తేలుతుంది, తీగలు లేకుండానే! సెట్‌లో అద్దపు గోళం ఒకటి ఉంచి వెలుగు ఏ వైపు నుంచి ఎంత వస్తోందో ఫొటో తీసుకోవాలి. లెన్స్, కెమెరా ఎత్తు, దూరం కూడా రాసిపెట్టుకోవాలి.

ఇంత ఎందుకంటే, ‘ఇంద్రధనుష్’ (1989), ‘కెప్టెన్ వ్యోమ్’ (1998) లాంటి పిల్లల సైన్స్ ధారావాహికలను దూరదర్శన్ మళ్ళీ తీయాలనే కోరిక అప్పుడప్పుడు వినిపిస్తుంటుంది. ఆ రోజు వస్తే ఖర్చు మొత్తం కంప్యూటర్ గ్రాఫిక్స్ పద్దులోకే పోకూడదు. సప్తగిరి, యాదగిరి కేంద్రాలు పదినిమిషాల నమూనా ఎపిసోడ్ ఒకటి తీసి చూడవచ్చు. కొండపల్లి వారి తెల్ల పొణికి తేలికైన చెక్క, కత్తికి ఇట్టే లొంగుతుంది. అతుకులకు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు వాళ్ళకు ఉండనే ఉంది. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోను నూరో వంతు నమూనా దాకా పనికొస్తుంది. అయితే ట్యూబులైటు కింద తీయకూడదు. మన కరెంటుకు అది సెకనుకు వందసార్లు మినుకుమంటుంది, కంటికి తెలియదు గానీ ఫోను పట్టేస్తుంది. ఎండలో తీయడం మేలు.

మీ వ్యాసంలోని ‘పూర్తిగా’ అన్న మాటను వచ్చే సంచికలో సవరించగలరు.

– ఒక పాఠకుడు, విజయవాడ