భీమిలి కబుర్లు

ఒరేయ్ మావా,

ఫోన్లో చెబితే సగం వింటావు, మిగతా సగానికి ఊఁ కొడతావు. అందుకే రాస్తున్నా, కుదురుగా కూర్చుని చదువు.

మొన్న ఆదివారం భీమిలి వెళ్ళొచ్చాను. 900కె బస్సు, కుడివైపు కిటికీ సీటు. రుషికొండ దాటాక దారంతా సముద్రమే. ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగిపోదామనిపించింది గానీ ఎండకి భయపడ్డాను.

జనమంతా బీచిలో ఫొటోలు దిగి, వేపుడు చేపలు తిని వెళ్ళిపోతున్నారు. నేను డచ్చివాళ్ళ సమాధుల దగ్గరికి పోయాను. పదిహేడో శతాబ్దంలో బట్టల వ్యాపారానికొచ్చి, ఇక్కడే మట్టయిపోయినవాళ్ళు. మంచమంత రాతిపలకల మీద వాళ్ళ భాషలో పేర్లు. ఉప్పుగాలికి కొన్ని అక్షరాలు ఎంత అరిగిపోయాయంటే, కంటికి ఆనవు, వేలితో తడిమితేనే తెలుస్తాయి. 1824 ఒప్పందంతో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది.

అసలు విశేషం గోగునారరా! మనం పచ్చడి నూరుకునే గోంగూర లేదూ, ఆ కాడల్ని నీళ్ళలో నానబెట్టి తీసే నార. అది ఈ రేవు నుంచే ఓడలెక్కేది. బయటి దేశాల బజార్లలో దాని పేరే బిమ్లి జూట్! పక్కన చిట్టివలసలో జూట్ మిల్లు కూడా నడిచింది, ఇప్పుడు మూతపడింది. రైలు పట్టాలేమో ఊరికి దూరంగా పోయాయి. 1933లో విశాఖ హార్బరు తెరిచాక ఇక ఈ రేవుని పట్టించుకునేదెవరు?

నాకు ఒళ్ళు మండేది ఒక్కటే. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరిది, దేశంలోనే బాగా పాతవాటిల్లో ఒకటి. దాన్ని తీసుకెళ్ళి విశాఖ కార్పొరేషన్లో కలిపేశారు. ఒకప్పుడు ఓడలతో కళకళలాడిన ఊరు ఇవాళ వైజాగోళ్ళకి ఆదివారం షికారు! గంటస్తంభం దగ్గర టీ తాగుతూ ఈ మాటే అంటే, పక్కనున్న పెద్దాయన "పన్ను మాత్రం పెద్దూరి లెక్కనే కడుతున్నాం బాబూ" అని నవ్వాడు.

గోస్తనీ సముద్రంలో కలిసే చోట చాలాసేపు నిలబడ్డాను. బొర్రా గుహల్లో మనం చూసిన ఏరే అది, గుర్తుందా?

పావురాళ్ళకొండ మాత్రం ఎక్కలేదు. పైన బౌద్ధుల కాలం నాటి ఆనవాళ్ళూ, వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లూ ఉన్నాయి. సంక్రాంతికి నువ్వొస్తే పొద్దున్నే ఎక్కేద్దాం. ఈలోగా ఆ బొజ్జ కాస్త తగ్గించు. సెలవులు ఎన్ని రోజులో వెంటనే రాయి.

ఇట్లు,
నీ మావ