చూడకుండా రాసే ధ్రువపత్రాలు

సంపాదకులకు నమస్కారం.

అనుమతి లేకుండా పశువును వధించినందుకు కేసు పెట్టారన్న వార్తలు తరచూ చదువుతుంటాను. ఆ అనుమతి ఇచ్చేవాడు దేన్ని చూసి ఇవ్వాలో మాత్రం ఎవరూ రాయరు. ఇరవై ఎనిమిదేళ్లు పశువైద్యుడిగా ఆ సంతకాలు పెట్టి రిటైరైనవాణ్ణి.

మన రెండు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉన్నది 1977 నాటి చట్టం. ఆవును, ఆవుదూడను, గేదెదూడను వధించడానికి అసలు అనుమతే లేదు. ఎద్దు, దున్న, గేదె అయితే అధికారి రాతపూర్వక ధ్రువపత్రం కావాలి. దుక్కికో, ఈతకో, పాడికో పనికొచ్చే పశువుకు ఆ పత్రం ఇవ్వకూడదు. మీరితే ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. (పరాయివాడి పశువును కావాలని చంపితే సంగతి వేరు. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు.)

ఒకసారి ఒకాయన గొడ్డుగేదె అంటూ ఒకదాన్ని తోలుకొచ్చాడు. చెయ్యి పెట్టి చూస్తే ఆరు నెలల చూడి. సంతకం పెట్టనన్నాను. నా మీద కేకలేసి వెళ్లిపోయాడు. మరునాటికి ఇంకోచోట పత్రం దొరికింది. విరిగిన ఎడమ కొమ్ము సహా ఆనవాళ్లన్నీ అందులో ఉన్నాయి, చూడి అన్న ముక్క తప్ప. ఆయన చెప్పినవే రాసుకుని ఉంటారు, గేదె ముఖం చూసి ఉండరు.

2001 నాటి కేంద్ర కబేళా నియమాల ప్రకారం చూడి పశువును వధించరాదు. పశువైద్యుడు గంటకు 12, రోజుకు 96 పశువులను మించి పరీక్షించరాదు. నేను చూసిన ఒక రిజిస్టరులో ఒక్క పూటలో రెండు వందల పైచిలుకు తలలకు 'ఆరోగ్యంగా ఉన్నది' అని రాసి ఉంది. ఆ వైద్యుడికి చేతులెన్నో!

ఇది కాగితాల గొడవ అనుకునేవారు దొమ్మ రోగాన్ని (ఆంత్రాక్స్) చూసి ఉండరు. జబ్బు పశువు చచ్చేలోపే కోసేద్దామనుకుంటారు. కోసిన చోట నెత్తురు పడిన మట్టిలో ఆ క్రిమి ఏళ్ల తరబడి బతుకుతుంది, కోసిన చేతులకూ అంటుతుంది.

కేసు పెట్టినప్పుడు కోసినవాడి పేరుతో పాటు, పత్రం ఉంటే దాని మీద సంతకం ఎవరిదో, ఆ రోజు ఆయన ఎన్ని పశువులకు సంతకం పెట్టాడో కూడా పోలీసులు రాయాలి. ఒకచోట నిరాకరించిన పశువు ఆనవాళ్లు చుట్టుపక్కల పశువైద్యశాలలకు అదే పూట చేరాలి. ఫోను చాలు.

— ఒక విశ్రాంత పశువైద్యుడు