ఎలుగుబంటి లెక్క ఏది?

సంపాదకునికి,

నాలుగేళ్లకోసారి పులుల లెక్క కోసం నల్లమలలో చెట్లకు కెమెరాలు కడతారు. వాటి ముందు నుంచి ఎలుగుబంట్లూ నడిచిపోతాయి. చారలను బట్టి ఏ పులి ఏదో తేల్చేస్తారు. ఎలుగుబంటి ఫొటోను పట్టించుకునేవారు తక్కువ. నల్లటి బొచ్చులో ఒకదానికీ మరొకదానికీ తేడా తెలియదన్నది నిజమే. కానీ ఛాతీపై తెల్లటి గుర్తు ఉంది కదా! థాయ్‌లాండ్‌లో ఎరను ఎత్తున కట్టి, అక్కడి ఎలుగులు నిక్కి నిలబడినప్పుడు ఆ గుర్తును ఫొటో తీసి లెక్కగట్టారు. మన ఎలుగుబంటికి చెదపురుగులంటే ప్రాణం. పై దవడలో రెండు ముందుపళ్లు లేని సందులోంచి వాటిని పీల్చేస్తుంది. పుట్టలకు ఎదురుగా నాలుగు కెమెరాలు పెట్టి చూడవచ్చు. ఉద్దానం జీడితోటల్లో దాడి జరిగిన రోజునే అది మనకు గుర్తుకొస్తోంది. ఏ వేళ ఏ దారిన తిరుగుతుందో ముందే తెలిస్తే, తెల్లవారుజామున తోటకు వెళ్లే రైతుకు ఒక మాట చెప్పవచ్చు.

– ఒక పాఠకుడు, మార్కాపురం