ఆయింట్‌మెంట్‌కు దరఖాస్తా?

సంపాదకుడు గారికి,

మా అమ్మకు కాలి మీద దురద లేస్తే ఆన్‌లైన్‌లో ఆయింట్‌మెంట్ తెప్పించాను. ఎలా వాడాలో ఆ పేజీలో తెలుగులోనే ఉంది కదా అని ఫోను ఆమె చేతికే ఇచ్చా. కళ్లజోడు సర్దుకుని కూడబలుక్కుంటూ చదివింది: "ప్రభావిత ప్రాంతంలో రోజుకు రెండుసార్లు దరఖాస్తు చేయండి." తలెత్తి, "ఏమే, ఏ ఆఫీసులో ఇవ్వాలే ఇది?" అంది. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వాం.

తప్పెక్కడ జరిగిందో తెలుస్తూనే ఉంది. ఇంగ్లీషులో 'అప్లై' అని ఒకటే మాట, దాని లాటిన్ మూలానికి అర్థం ఒకదానికి ఇంకోదాన్ని ఆనించడం, తగిలించడం, అందుకే మందుకూ అదే, ఉద్యోగానికీ అదే, రూలుకూ, బ్రేకుకూ కూడా అదే. మనకలా కుదరదు. ఆయింట్‌మెంట్ రాస్తాం, గంధం పూస్తాం, బొట్టు పెడతాం, గోడకు సున్నం వేస్తాం, తలకు నూనె పట్టిస్తాం, బ్రేక్ తొక్కుతాం. రూలు వర్తిస్తుంది. ఇక 'దరఖాస్తు' పారసీ నుంచి వచ్చిన మాట, పాపం దానికి అడుక్కోవడం తప్ప ఇంకో పని తెలీదు.

ఆయింట్‌మెంట్ అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. మొన్న ఒకచోట ప్రథమ చికిత్స బోర్డు మీద "గాయానికి ఒత్తిడి వర్తింపజేయండి" అని చూశాను. రక్తం కారిపోతుంటే, పక్కనున్నవాడు అసలే టెన్షన్‌లో ఉంటే, ఇది చదివి ఏం చేస్తాడండీ? "గాయం మీద గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి పట్టుకోండి" అంటే పదేళ్ల పిల్లాడికైనా అర్థమవుతుంది. అలాగే పింఛను, రేషన్ లాంటి వాటిలో "ఈ నిబంధన మీకు వర్తించదు" అనాల్సిన చోట "మీరు దరఖాస్తు చేయకూడదు" అని పడిందనుకోండి, అర్హత ఉన్న ముసలమ్మ కూడా వెనక్కి వెళ్లిపోతుంది.

తెలుగును ఆంధ్రప్రదేశ్ అధికార భాషగా చేస్తూ అధికార భాషా చట్టం 1966లోనే వచ్చింది. తెలుగులో రాయమంటే ఇంగ్లీషు వాక్యాన్ని కంప్యూటర్‌లో వేసి, వచ్చింది వచ్చినట్టు అచ్చేయడం కాదు కదా. కంప్యూటర్ వాడొద్దని నేననను, పని తొందరగా అవుతుంది. కానీ బోర్డు ప్రింటుకు పంపేముందు ఆ కాగితం ఆఫీసు బయట కూర్చున్న ఎవరో ఒకరికి ఇచ్చి చదివించండి, చదివాక ఏం చేయమంటోందో చెప్పమనండి. పది నిమిషాల పని.

ఇట్లు,
మీ పాఠకురాలు, తెనాలి