జిల్లా రవాణా అధికారి గారికి బహిరంగ లేఖ: నడిచేవాళ్లకీ డిప్ కొట్టించండి

అయ్యా, నమస్కారం.

కోనసీమలో చాలా ఊళ్లకి రోడ్డంటే కాలవ గట్టే. ఓ పక్క నీళ్లు, ఇంకో పక్క వరిచేలు. వీధి దీపాలు ఊరి పొలిమేరతో సరి. ఎదురుగా బండి హైబీమ్‌తో, అంటే హెడ్‌లైటు పైకెత్తి వస్తే నడిచే మనిషికి కళ్లు బైర్లు కమ్మి, కాలు ఎక్కడ పడుతోందో తెలీదు. తప్పుకోవాలంటే కాలవలోకే తప్పుకోవాలి.

గంటకి 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 16 మీటర్లకి పైగా పోతుంది. ముదురు రంగు చీర కట్టుకున్నావిడని డ్రైవరు గుర్తుపట్టి బ్రేకు తొక్కేలోపే ఆ దూరం అయిపోతుంది. ఎదురు బండికి డిప్ కొట్టేవాళ్లు, అంటే హెడ్‌లైటు కిందకి దించేవాళ్లు కూడా నడిచేవాళ్లకి కొట్టరు, మనిషికి హెడ్‌లైటు ఉండదు కనక. నా బాధంతా అక్కడే.

కార్తీక మాసంలో ఆడవాళ్లు తెల్లారకుండానే కాలవ రేవులకి నడుస్తారు. ఆలోపే రొయ్యల లారీలు, ట్రాక్టర్లు నడిపేవాళ్లని పిలిచి మాట్లాడండి. మనిషి కనపడగానే లైటు దించాలి, వేగం కూడా తగ్గించాలి. దించిన లైటులో దూరం కనపడదు కదా. లైసెన్సుకి వచ్చే పిల్లలతోనూ ఇది చేయించి చూడండి. ట్రాక్టరు తొట్టెలకి వెనక రిఫ్లెక్టర్లు అంటించండి.

ఎదురొచ్చే బండి కనపడేలా కుడి పక్కన నడవమనీ, చేతిలో టార్చి ఉంచుకోమనీ ఊళ్లో మేం చెప్పుకుంటాం.

ఇట్లు,
కోనసీమ నుంచి ఓ పాదచారి