రక్తం తీసేముందు నాలుగు మాటలు అడగండి

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ ఆసుపత్రి ల్యాబ్‌లో 31 ఏళ్లు టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్లి థైరాయిడ్ పరీక్ష చేస్తామనే ప్రకటనలు పత్రికల్లోనూ ఫోన్లలోనూ రోజూ చూస్తున్నాం. ఆ పద్ధతికి నేను వ్యతిరేకిని కాను. మోకాళ్ల నొప్పులతో ఆటో ఎక్కలేని పెద్దవాళ్లు, ఒడిలో పసిపిల్లలున్న తల్లులు మా ల్యాబ్ కిటికీ ముందు పరగడుపున గంటల తరబడి నిలబడటం నా కళ్లతో చూశాను. వాళ్ల గుమ్మం దగ్గరికే పరీక్ష వెళ్తోందంటే సంతోషమే. అయితే ఈ వేసవిలో మా చెల్లెలికి జరిగింది ఇంకెవరికీ జరగకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా చెల్లెలు మంచిర్యాలలో ఉంటుంది. 54 ఏళ్లు. థైరాయిడ్ మందగించడంతో పదకొండేళ్లుగా రోజూ పొద్దున్నే పరగడుపున 75 మైక్రోగ్రాముల థైరాక్సిన్ గోలీ వేసుకుంటోంది. పోయిన ఏడాది టీఎస్‌హెచ్ 2.8, మామూలుగానే ఉంది. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్; థైరాయిడ్ తగ్గితే ఇది పెరుగుతుంది, ఎక్కువైతే ఇది తగ్గుతుంది. ఏ ఇబ్బందీ లేదు. మార్చిలో ఎవరో ప్యాకేజీ గురించి చెబితే ఫోన్‌లో బుక్ చేసుకుంది. పొద్దున ఏడింటికి వస్తామన్న అబ్బాయి పదకొండున్నరకు వచ్చాడు. పాపం, ఆ అబ్బాయి తప్పేమీ లేదు, ఆ పూట అతనికి ఎన్ని ఇళ్లు అప్పజెప్పారో. రెండు ట్యూబుల్లో రక్తం తీసి, బార్‌కోడ్ అంటించి, ఐస్ పెట్టెలో పెట్టుకుని వెళ్లాడు. పేరు, వయసు తప్ప ఇంకేమీ అడగలేదు. అతని ఫోన్‌లో అంతకుమించి నింపాల్సిన గడులు లేవట.

రాత్రికి రిపోర్టు వచ్చింది. టీఎస్‌హెచ్ 0.09, ఎర్ర అక్షరాల్లో. థైరాయిడ్ హార్మోన్ టీ4 ఎక్కువ, అదీ ఎర్రగానే. మర్నాడు ఆ సంస్థ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, "మేడమ్, మీకు థైరాయిడ్ ఎక్కువైంది, వీడియోలో డాక్టర్‌తో మాట్లాడతారా" అని అడిగింది. గోలీ వాడుతున్నారా అని అప్పుడు కూడా అడగలేదు. మా చెల్లెలు మాత్రం బాగా ఆలోచించుకుంది. థైరాయిడ్ ఎక్కువైతే గోలీ ఎందుకు అనుకుని మానేసింది. దాన్ని తెలివితక్కువతనం అనను. చేతిలో ఉన్న కాగితం చెప్పిందే చేసింది.

మే మొదటి వారంలో వాళ్లింటికి వెళ్లాను. బయట ఎండకు తారు కరుగుతోంది. లోపల గదిలో ఫ్యాను ఆపుకుని, దుప్పటి కప్పుకుని కూర్చుంది. నన్ను చూసి లేవడానికి రెండుసార్లు ప్రయత్నించింది. ముఖం ఉబ్బి ఉంది. గొంతు బొంగురుపోయింది.

"గోలీలు వేసుకుంటున్నవా?" అన్నాను.

"ఆపేసిన అన్నా. రిపోర్టుల ఎక్కువున్నదని వచ్చింది గదా. ఏడు వారాలాయె."

వాళ్ల వీధి చివర మందుల షాపు నుంచి సిరంజి, ట్యూబు తెప్పించి నేనే రక్తం తీశాను. చెయ్యి పట్టుకుంటే చల్లగా, పొలుసు లేచి గరుకుగా ఉంది. రబ్బరు పట్టీ కట్టి పిడికిలి బిగించమంటే వేళ్లు పూర్తిగా ముడుచుకోలేదు. పెళ్లినాటి ఉంగరం వేలిలోకి దిగబడిపోయి ఉంది. ఆ చేతికి సూది గుచ్చుతుంటే వేల చేతులకు గుచ్చిన నా చెయ్యే వణికింది. సాయంత్రానికి తెలిసిన ల్యాబ్‌లో రిపోర్టు వచ్చింది. టీఎస్‌హెచ్ 62.

మరి మార్చిలో 0.09 ఎలా వచ్చింది? జవాబు వాళ్ల వంటగది అలమారలో దొరికింది. గోలీల పట్టీ పక్కనే జుట్టు రాలకుండా వాడే బిళ్లల డబ్బా. మీద బయోటిన్ 10 మిల్లీగ్రాములు అని రాసి ఉంది. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 30 మైక్రోగ్రాములు. అంటే అవసరానికి మూడు వందల రెట్లకు పైన. జనవరి నుంచి వాడుతోంది. గోలీ మానేశాక జుట్టు ఇంకా రాలిపోతోందని రెండు పూటలా వేసుకోవడం మొదలుపెట్టిందట. అదృష్టం బాగుండి, నేను వెళ్లడానికి వారం ముందే డబ్బా ఖాళీ అయింది. లేకపోతే ఆ 62 కూడా తక్కువగా కనబడి ఉండేది.

బయోటిన్ విటమినే. శరీరానికి చెడు చేయదు. చెడు చేసేది పరీక్షకు. చాలా యంత్రాల్లో హార్మోన్‌ను పట్టుకునే రసాయనాలను బయోటిన్ అనే కొక్కేనికి తగిలించి ఉంచుతారు. రక్తంలోనే బయోటిన్ నిండా ఉంటే అదే ముందు వెళ్లి ఆ చోట్లన్నీ ఆక్రమిస్తుంది, కిటికీలోంచి బస్సు సీట్ల మీద దస్తీలు వేసినట్టు. తర్వాత వచ్చే టీఎస్‌హెచ్‌కు చోటుండదు. యంత్రం తక్కువ అని చూపిస్తుంది. టీ4 కొలిచే పద్ధతి దానికి తిరగబడి ఉంటుంది కనుక అక్కడ ఎక్కువ అని చూపిస్తుంది. రెండూ కలిపి చూస్తే అచ్చం థైరాయిడ్ ఎక్కువైన మనిషి రిపోర్టే. అన్ని యంత్రాల్లో ఇలా కాదు, కొత్తవాటిలో కొన్నింటిని సరిచేశారు. కానీ మన రక్తం ఏ యంత్రంలోకి వెళ్తుందో మనకెలా తెలుస్తుంది? అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనిమీద 2017 నవంబరులోనే హెచ్చరిక జారీ చేసింది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపాలని అక్కడి థైరాయిడ్ వైద్యుల సంఘం చెబుతోంది. జుట్టు బిళ్లల డబ్బా మీద ఆ ముక్క ఎక్కడా లేదు. ప్యాకేజీ బుక్ చేసినప్పుడు వచ్చిన సందేశంలోనూ లేదు. అందులో ఉన్నదల్లా పన్నెండు గంటలు ఏమీ తినొద్దు అన్న ఒక్క మాట. అది షుగరు, కొవ్వు పరీక్షల కోసం. థైరాయిడ్‌కు కావలసిన జాగ్రత్త అది కాదు.

కావలసినది వేరే. టీఎస్‌హెచ్ రోజంతా ఒకేలా ఉండదు. అర్ధరాత్రి దాటాక పెరిగి, మధ్యాహ్నానికి తగ్గుతుంది. అందుకే ఒకసారి పొద్దున, ఇంకోసారి మధ్యాహ్నం తీసి రెండు అంకెలను పోల్చి బెంగపడకూడదు. గోలీ వాడేవాళ్లు ఆ పూట రక్తం ఇచ్చాకే గోలీ వేసుకోవాలి. ముందే వేసుకుంటే కొన్ని గంటలపాటు టీ4 ఎక్కువగా కనిపిస్తుంది. మోతాదు మార్చితే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి చూడాలి, ఎందుకంటే ఆ మందు సగం తగ్గడానికే వారం పడుతుంది. పదిహేను రోజులకోసారి ఇంటికి పిలిపించుకుని పరీక్ష చేయించేవాళ్లు నాకు తెలుసు. వాళ్లు ఖర్చు పెట్టి కొనుక్కుంటున్నది భయం ఒక్కటే.

ఎండలో తిరిగితే రక్తం చెడిపోతుందని చాలామంది అంటారు. మిగతా పరీక్షల విషయంలో నిజమే, షుగరు పడిపోతుంది, పొటాషియం అంకె మారిపోతుంది. టీఎస్‌హెచ్ మాత్రం అంత సులువుగా పాడయ్యేది కాదు. కాబట్టి బైకు మీద వచ్చే అబ్బాయిని, అతని ఐస్ పెట్టెను తప్పుపట్టను. లోపం ఉన్నది అడగని ప్రశ్నల్లో.

అంకెను చదవడంలో ఇంకో చిక్కుంది. టీఎస్‌హెచ్ మెడలోని గ్రంథి తయారుచేసేది కాదు, మెదడు కింద ఉండే పిట్యూటరీ పంపే కేక. ఇంట్లో పని సాగకపోతే పెద్దావిడ గొంతు పెరిగినట్టు, థైరాయిడ్ హార్మోన్ తగ్గితే ఈ కేక పెరుగుతుంది. ఇది తెలియక టీఎస్‌హెచ్ ఎక్కువ అని చూసి థైరాయిడ్ ఎక్కువైందనుకునే వాళ్లు ఎందరో. రిపోర్టులో పక్కన అచ్చేసే సాధారణ పరిమితి కూడా అందరికీ ఒకటి కాదు. గర్భిణులకు వేరు. డెబ్బై దాటినవాళ్లకు పై హద్దు కాస్త ఎక్కువే ఉంటుంది. గర్భిణి ఎర్ర అంకె చూసి తనంతట తాను గోలీ మానేస్తే ఏమవుతుందో తలచుకుంటేనే గుండె దడదడలాడుతుంది. ఆ నెలల్లో మోతాదు చాలామందికి పెంచాల్సి వస్తుంది.

ఇంట్లోనే వేలికి గుచ్చి చూసుకునే కార్డులు కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. టీఎస్‌హెచ్ ఒక హద్దు, సాధారణంగా 5, దాటిందా లేదా అన్నదొక్కటే అవి చెబుతాయి. తగ్గితే చెప్పవు. ఇప్పటికే మందు వాడేవాళ్లకు దానితో పనిలేదు.

ఉప్పులో అయోడిన్ ఉంది కదా, ఇంకా ఈ జబ్బు ఎందుకని చెల్లెలు అడిగింది. మన శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వి. రామలింగస్వామి 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో మొదలుపెట్టిన అధ్యయనం వల్లే అయోడిన్ ఉప్పుతో థైరాయిడ్ గ్రంథి ఉబ్బే గొంతువాపు తగ్గుతుందని దేశానికి తెలిసింది. ఆ పోరాటం చాలావరకు గెలిచాం. ఇప్పుడు పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించేది మన రోగనిరోధక శక్తే గ్రంథి మీద దాడిచేసే జబ్బు. హైదరాబాద్ సహా ఎనిమిది నగరాల్లో జరిపి 2013లో ప్రచురించిన సర్వేలో దాదాపు 11 శాతం మందిలో థైరాయిడ్ మందగించినట్టు తేలింది. ఇంతమందికి జీవితాంతం అవసరమయ్యే పరీక్ష ఇది. సగం వివరాలతో చేస్తే ఎలా?

నేను అడిగేది పెద్ద ఖర్చయ్యే పని కాదు. రక్తం తీసేముందు చీటీ మీద నాలుగు సంగతులు రాయాలి: రక్తం తీసిన సమయం, థైరాయిడ్ గోలీ వాడుతున్నారా (వాడితే ఆ పూట వేసుకున్నారా), జుట్టుకో గోళ్లకో విటమిన్లు వాడుతున్నారా, ఆడవాళ్లయితే గర్భంతో ఉన్నారా. అవి రిపోర్టు మీద కూడా అచ్చు కావాలి, చూసే డాక్టరుకు తెలియాలి. డాక్టరు చెప్పకుండా మందు ఆపొద్దు, మార్చొద్దు అన్న వాక్యం తెలుగులో, ఆ ఎర్ర అంకె పక్కనే ఉండాలి. 2018లో హైదరాబాద్ నారాయణగూడలో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా ప్రభుత్వం ఉచితంగా పరీక్షలు చేస్తోంది. ముందు ఆ చీటీ మీద ఈ గడులు చేర్చితే ప్రైవేటు వాళ్లను అడిగే హక్కు వస్తుంది. ల్యాబులకు రిజిస్ట్రేషన్ ఇచ్చే జిల్లా వైద్యారోగ్య శాఖ అధికారులు దీన్ని షరతుగా పెట్టాలని కోరుతున్నాను.

చెల్లెలిని చూపించిన కరీంనగర్ డాక్టరుగారు పాత రిపోర్టులు, జుట్టు బిళ్లల డబ్బా రెండూ చూసి మళ్లీ 75 మొదలుపెట్టారు. ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ 4.2కు దిగింది. ఉంగరం వేలిలో తిరుగుతోంది. ఇంకో రెండు నెలలకు మళ్లీ చూడాలి. అదే సంస్థ నుంచి మళ్లీ ఫోన్ వచ్చిందట. పిలిపించుకోమనే చెప్పాను. రక్తం తీసే సమయం తప్ప మిగతా జవాబులన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించి వచ్చాను. వచ్చిన అబ్బాయి వాటిని తన చీటీలో ఎక్కించుకునేదాకా చెయ్యి చాపొద్దన్నాను.

ఇట్లు
రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్, హనుమకొండ